మళ్ళీగారి రెండో మాట

మళ్ళీగారికి చెముడని కింది వడ్రంగి అంటాడు. తప్పు. మేడ మీద కూర్చుని, కింద తిరిగే కరెంటు రంపానికి పళ్ళు అరిగాయో లేదో చెప్పగల మనిషికి చెముడెక్కడిది? అవి పాముచెవులు. బుర్ర చురుకు తక్కువని బస్సు కండక్టరు అంటాడు. అదీ తప్పే. జనం గుట్లు పోగుచేస్తున్నాడని టీకొట్టు యజమాని, వెటకారం ఎక్కువని మా బొమ్మలు గీసే అమ్మాయి వాళ్ళమ్మ, పరాయివాళ్ళ మాటలు దొంగిలించి తాను తయారుచేసే కంప్యూటర్ గేమ్‌లో పెట్టుకుంటున్నాడని ఆరు నెలలు పనిచేసి మానేసిన సంగీతం మాస్టారు, ఇలా తలా ఒక నింద వేశారు. అహంకారమని నేనన్నాను. ఒకసారి కాదు, మూడేళ్ళపాటు అన్నాను. ఇప్పుడు తీరిగ్గా వీటన్నిటినీ పరిశీలిస్తే ఒక్కటీ నిలబడలేదు, నాది సహా.

ఇన్ని నిందలకూ మూలం ఒకే ఒక్క అలవాటు. ఎవరు ఏమన్నా ఆయన ముందు "మళ్ళీ అనండి" అంటారు. అన్నవాళ్ళు మళ్ళీ అన్నాకే జవాబు చెబుతారు. అందుకే తల్లిదండ్రులు పెట్టిన పేరు చెల్లని నాణెమై, మళ్ళీగారన్న పేరే నిలిచిపోయింది.

మేమిద్దరం సాయంత్రం ఒకే బస్సెక్కేవాళ్ళం.

"టికెట్."

"మళ్ళీ అనండి."

"టికెట్ అన్నానండీ."

"ఆఁ, టికెట్. రెండివ్వండి."

"రోజూ ఇదే బస్సు, ఇదే సీటు, ఇదే నేను," అని కండక్టరు నా వైపు తిరిగి మొర పెట్టుకున్నాడు. "నేను టికెట్ అనక, జోలపాట పాడతానా సార్?"

అతని ఫిర్యాదు న్యాయమైనదని నేను తలూపాను.

న్యాయస్థానంలో సాక్షుల వాంగ్మూలాలు చదువుతుంటే విని, ప్రతులతో సరిచూసే ఉద్యోగం ముప్ఫై నాలుగేళ్ళు చేసి విరమించినవాణ్ణి. ఒక గేమ్‌లో తెలుగు సరిచూడాలని కబురొస్తే వెళ్ళాను. గేమ్ అంటే కార్లు గుద్దుకోవడమనే నా ఉద్దేశం. అందులో సరిచూడటానికి తెలుగు ఏముంటుందో నాకు అర్థం కాలేదు. మా ఇంటావిడ మాత్రం ఎంతో సంతోషించింది. "పోనీలెండి, పగటిపూట ఆ టీవీకి కాస్త ఊపిరాడుతుంది," అంది. ఆ మాటలో లోతు ఉందని అప్పుడు తోచలేదు.

వడ్రంగి దుకాణం మీద ఒక్కటే గది. నాలుగు కుర్చీలుంటే అందులో రెండు నమ్మదగినవి కావు. గోడ నిండా అంటించిన కాగితాలు, ఒకదాని మీద ఒకటి, అడుగువి పసుపు పచ్చబడిపోయాయి. కిటికీలోంచి చెక్కపొట్టు వచ్చి కీబోర్డుల సందుల్లో చేరేది. నేను వెళ్ళేసరికే ఆ గేమ్‌కు మూడేళ్ళ వయసు. ఆ గదిలో ఉన్నవాళ్ళకి అంతకంటే పెద్ద అలసట. బొమ్మలు గీసే అమ్మాయి ఒకే బల్లను పదకొండుసార్లు గీసి ఉంది. ప్రోగ్రామ్ రాసే అబ్బాయి మణికట్టుకు పట్టీ వేసుకుని, తలెత్తకుండానే నమస్కారం పెట్టాడు.

మొదటి రోజే ఆ అబ్బాయి నాతో, "మూడో గదిలో తలుపు దగ్గర ఒక నాలుగు వాక్యాలు కావాలి మాస్టారూ," అన్నాడు. గుమ్మం, గడప, గడియ, కిర్రుమనే బందు, ఏదీ వదలకుండా నాలుగు కాదు, ఎనిమిది వాక్యాలు తీర్చిదిద్ది ఇచ్చాను. చదివి ఆ అబ్బాయి అమ్మాయి వంక చూశాడు. అమ్మాయి పళ్ళెంలో రంగు కలుపుతున్నట్టు తల దించుకుంది. ఇద్దరి భుజాలూ కదిలాయి. అతను అడిగింది తలుపు గురించి కాదట, మలుపు గురించట. నడవా తిరిగే మలుపు. తప్పు అతని ఉచ్చారణదని నిర్ణయించాను. నేటి యువతకు మాట్లాడేటప్పుడు పెదవులు కదిలించడం రాదు, గొంతులోనే నములుతారు. ఇది నా దృఢాభిప్రాయంగా ఉండేది.

ఆ రోజు మళ్ళీగారు నవ్వలేదు. నా తలుపును రెండుసార్లు చదివి, "దీన్ని ఐదో గదిలో పెట్టుకుందాం మాస్టారూ, అక్కడ తలుపు లేక వెలితిగా ఉంది," అన్నారు.

మర్నాటి నుంచి ఆయన అలవాటు నాకు తెలియవచ్చింది. అబ్బాయి ఏదో అంటాడు. "మళ్ళీ అను తమ్ముడూ." అమ్మాయి ఏదో అంటుంది. "మళ్ళీ అనమ్మా." కింద మెట్ల దగ్గర వడ్రంగి ఏదో అంటాడు.

"మళ్ళీ అనండి."

"చెక్కలండీ! మెట్ల మీద చెక్కలు పెట్టాం! చూసి దిగండి!" వీధి వీధంతా మెట్ల వైపు చూసింది. "ఈయన చెవులు ఇంట్లో మేకుకి తగిలించి వస్తాడా ఏంటి?" అని వడ్రంగి రంపంతో మొర పెట్టుకున్నాడు.

నేను చెక్కలు దాటుకుంటూ, ఈయన ఒక్కసారి చెబితే వినే మనిషైతే పాపం ఆ వడ్రంగి గొంతు అరిగేది కాదు కదా అనుకున్నాను.

ఒకనాడు అమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది.

"మా అమ్మాయి వేళకి తినడం లేదండీ."

"మళ్ళీ అనండి."

"వేళకి తినడం లేదు. ఇంటికొచ్చినా అదే ధ్యాస."

"మళ్ళీ అనండి."

"ఇంట్లో నాతో మాట్లాడటం లేదయ్యా!" అని ఆవిడ గట్టిగా అనేసి, అన్నాక తానే బిత్తరపోయి, "ఛ, నా నోటితో అనిపించాడు, ఎంత వెటకారం!" అని విసురుగా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అమ్మాయి పెందలాడే ఇంటికి బయల్దేరింది. నేను ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇక ఆ గేమ్ సంగతి. అందులో ఒక బొమ్మలు చేసే మనిషి ఉంటాడు. పేరుమోసినవాడు. ఒకరోజు బల్ల ముందు కూర్చుంటే చేతికి ఏ బొమ్మా రాదు. అంతే. నేను వెళ్ళేనాటికి చుట్టూ ఖాళీ గదులైతే కట్టి ఉన్నాయి గానీ, కథ ఆ బల్ల దగ్గరే ఆగి ఉంది. ఆడేవాడు బటన్ నొక్కితే బొమ్మలాయన బంకమట్టి చేతిలోకి తీసుకుంటాడు. మళ్ళీ నొక్కితే కింద పెడతాడు. ఎన్నిసార్లు నొక్కినా ఇదే.

"ఇందులో మనమేం చేయాలండీ?" అని అడిగాను.

"ఏమీ తోచకుండా కూర్చోవాలి మాస్టారూ."

"ఎంతసేపు?"

"నాకైతే రెండేళ్ళు పట్టింది," అన్నారు, లెక్క చెబుతున్నంత మామూలుగా. "ఇంకా పడుతోంది."

పొద్దున రాసింది మధ్యాహ్నానికి తుడిచేసేవారు. ఒకసారి ఆపబోయాను.

"అదేమిటండీ, బాగుంది కదా!"

"బాగుంది. అందుకే తీసేశాను. బాగుందనిపించుకోవడానికి రాసినట్టుంది."

ఇటువంటి మనిషితో వాదించి ప్రయోజనం లేదు. నా పని అక్షరదోషాలు దిద్దడం. వాక్యమే లేనిచోట దోషం ఎక్కడిది? మూడు వారాలు ఖాళీ కాగితాలు సరిచూశాను. అవి నిర్దోషంగా ఉన్నాయి.

మూడో వారం చివర్లో నా ఓర్పు అయిపోయింది. పక్కనే కూర్చున్న అబ్బాయి ఏదో అన్నాడు, ఈయన యథాప్రకారం మళ్ళీ అనమన్నారు. నేను పెన్ను కింద పెట్టాను.

"ఏమండీ, మీ చెవులు బాగానే ఉన్నాయి. కింద రంపం మార్చినా మీకు తెలుస్తుంది. మరి ఒక మనిషి చేత ఒకే మాట రెండుసార్లు అనిపించడం ఎందుకు? ఎదుటివాడికంటే మీరు పెద్దవారని నిరూపించడానికా? కారణం చెప్పండి."

ఆయన ముఖం పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చిన పిల్లవాడి ముఖంలా అయింది. అమ్మాయి వైపు చూశారు. ఆ అమ్మాయి కిటికీ వైపు చూసింది. కిటికీ ఏమీ చెప్పలేదు.

"అదే మాస్టారూ... మొదటిసారి అన్నది నోటి మాట. రెండోసారి అన్నది... మనసులో మాట. అందుకని."

 అని మెల్లగా లేచి నిలబడ్డారు.

"తమ్ముడూ, నేనేమన్నాను ఇప్పుడు?"

"రెండోసారి అన్నది మనసులో మాట అన్నావన్నా."

"మళ్ళీ అను."

అబ్బాయి మళ్ళీ అన్నాడు. ఈయన చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, వీధి చివరి దాకా వెళ్ళి, తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఆ రోజు రాసింది తుడవలేదు. మర్నాడూ తుడవలేదు. అమ్మాయి నాతో చిన్నగా ఏదో అంది, ఆయన మళ్ళీ అనమన్నారు గనుక నాకూ అందింది: "మూడేళ్ళలో మొదటిసారి, బాబాయిగారూ."

అలా ఆ గేమ్‌లోకి 'మళ్ళీ' బటన్ వచ్చింది. బొమ్మలాయన బల్ల వదిలి ఇంట్లో గది గదికీ తిరుగుతాడు. ఒక గదిలో పాత శిష్యురాలు, ఒక గదిలో తమ్ముడు, ఒక గదిలో ఆయన బొమ్మ కొని పగలగొట్టుకున్న పెద్దావిడ. అందరూ ఏదో ఒక మర్యాద మాట అంటారు. 'మళ్ళీ' నొక్కితే రెండో మాట అంటారు. "నేను బాగానే ఉన్నాను" అన్న తమ్ముడే "పొద్దున్నుంచి నన్నెవరూ ఏమీ అడగలేదు" అంటాడు. ఆ రెండో మాటల్లోంచే బొమ్మలాయనకు మళ్ళీ బొమ్మలు దొరుకుతాయి. చదువుతూ ఒకటి రెండు చోట్ల దిద్దడం మరిచిపోయాను. అది నా వృత్తి చరిత్రలో లేని విషయం.

అయినా ఆయన అహంకారి అన్న నా అభిప్రాయం మారలేదు. పైగా ఇప్పుడు దానికి సిద్ధాంతం తోడైందనుకున్నాను.

మరో మూడేళ్ళు గడిచాయి. ఇరవై ఆరు గదులు. ప్రతి గదినీ కట్టడం, కూల్చడం, కట్టడం. అమ్మాయికి కళ్ళద్దాలొచ్చాయి. అబ్బాయి పట్టీ రెండో మణికట్టుకు కూడా చేరింది. మళ్ళీగారు గడ్డం ఎప్పుడు గీసుకున్నారో, ఎప్పుడు మానేశారో ఎవరూ గమనించే స్థితిలో లేరు. ఒక ప్రచురణ సంస్థ చూస్తామని రెండుసార్లు వాయిదా వేసి, మూడోసారి మనిషిని పంపుతామంది. వాళ్ళు తీసుకుంటే గేమ్ జనంలోకి వెళుతుంది. లేకపోతే గది ఖాళీ చేయాలి. అబ్బాయికి లిఫ్టులు తయారుచేసే కంపెనీలో, అమ్మాయికి బిస్కెట్ డబ్బాల మీద పూలు గీసే చోట ఉద్యోగాలు సిద్ధంగా ఉన్నాయి. మళ్ళీగారికి ఎక్కడా ఏమీ సిద్ధంగా లేదు. ఆయన ఆరేళ్ళూ, బహుశా మిగిలిన ఏళ్ళూ, ఆ ఒక్క సమావేశం మీద ఆధారపడి ఉన్నాయి.

ముందురోజు నేను ఆయన్ని హెచ్చరించాను. "రేపొక్క రోజు ఆ అలవాటు కట్టిపెట్టండి."

"మీరు వస్తున్నారుగా మాస్టారూ?"

"నేను రావడానికీ, దీనికీ సంబంధమేమిటి?"

"ఏం లేదు. తప్పకుండా రండి. మాటలన్నీ మీరు దిద్దినవే కదా."

వచ్చిన ఆవిడ చాలా మర్యాదస్తురాలు. గొంతు దూది మీద నడిచినట్టుంది. నా ఎదురుగా, పెదవులు కనబడేలా కూర్చుంది.

"మీ గేమ్ మా సంస్థకు చాలా నచ్చిందండీ."

"మళ్ళీ అనండి."

నేను కళ్ళు మూసుకున్నాను.

"మీ గేమ్ మా సంస్థకు నచ్చింది," అందావిడ. 'చాలా' అన్న మాట పడిపోయింది. "అయితే, ఆ 'మళ్ళీ' బటన్ తీసేస్తే బాగుంటుందని మావాళ్ళ చిన్న సూచన."

"మళ్ళీ అనండి."

"తీసేయమన్నారు."

చిన్న సూచన కాస్తా ఆజ్ఞ అయింది. ఇలా పదిహేడుసార్లు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ప్రతిసారీ ఆవిడ గొంతు ఒక మెట్టు పైకెక్కింది, ముఖం ఒక రంగు మారింది. అమ్మాయి గోళ్ళు కొరుకుతోంది. అబ్బాయి పట్టీలు విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. పదిహేడోసారి ఆవిడ లేచి నిలబడింది.

"నాకు నచ్చిందండీ! నాకు! మావాళ్ళెవరూ ఆడనే లేదు! నేనొక్కదాన్నే చివరిదాకా ఆడాను! ఇప్పుడైనా వినపడిందా, లేక గోడ మీద రాయనా?"

ఆ మాట కిందికి కూడా వినపడినట్టుంది. రంపం ఆగింది. ఆవిడ సంచీ తీసుకుని, "రేపు మధ్యాహ్నం ఫోన్ చేసి ఏదో ఒకటి చెబుతాం," అని వెళ్ళిపోయింది.

నేను ఆయన్ని మందలించాను. కఠినంగానే మందలించాను.

"ఆరేళ్ళ కష్టాన్ని ఒక్క చాదస్తానికి బలిపెట్టారు. మీది మాత్రమే కాదు, ఈ పిల్లలిద్దరిదీ."

ఆయన మళ్ళీ అనమనలేదు. "నిజమే మాస్టారూ," అని కుర్చీలో కూలబడ్డారు. నమ్మదగని కుర్చీయే, అయినా ఆ పూటకి నిలబడింది.

మర్నాడు వడ్రంగికి సెలవు. వీధిలో చప్పుడు లేదు. మెట్లెక్కి తలుపు దగ్గర ఆగాను. నేను లేనప్పుడు కూడా ఈయన ఇలాగే వేధిస్తున్నారా అన్నది తేల్చుకోవాలనుకున్నాను. పక్షపాతం లేకుండా సాక్ష్యం సేకరించాలంటే సాక్షి కనబడకూడదు. తలుపుకు చెవి ఆనించి రెండు నిమిషాలు నిలబడ్డాను. లోపల నిశ్శబ్దం. చావు ఇల్లులా ఉంది. పాపం, మాటలు కూడా రావడం లేదు కాబోలనుకుని, జాలిపడి తలుపు తోశాను.

అమ్మాయి కుర్చీ మీదికెక్కి నిలబడి ఉంది. అబ్బాయి బల్ల గుద్దుతున్నాడు. ఇద్దరి మెడల మీదా నరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి. తెరిచిన తలుపులోంచి అమ్మాయి మాట తోక మాత్రం నాకు తగిలింది.

"...ఒక్క పూట బాబాయిగారిని ఇంట్లో ఉండమంటే సరిపోయేది కదన్నయ్యా! ఆయనకి వినపడాలని ఆవిణ్ణి అంతలా అరిపించాలా?"

అప్పుడు నన్ను చూశారు. అప్పుడు నిజంగానే నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దానికీ, తలుపు అవతల నేను విన్నదానికీ తేడా లేదని గ్రహించడానికి నాకు కొంత సమయం పట్టింది.

"ఎంతసేపటి నుంచి అరుస్తున్నారు?" అన్నాను.

"పొద్దున్నుంచీ మాస్టారూ," అన్నాడు అబ్బాయి గట్టిగా. పెదవులు చక్కగా కదిపాడు.

నేను కూర్చున్నాను. వడ్రంగి, కండక్టరు, టీకొట్టాయన, అమ్మాయి వాళ్ళమ్మ, సంగీతం మాస్టారు. ఐదుగురి ఫిర్యాదుల్లోనూ, ప్రతి సంఘటనలోనూ, పక్కన ఒక మనిషి ఉమ్మడిగా ఉన్నాడు. ఆ మనిషిని ఎవరూ విచారించలేదు. ఆ మనిషి రాకముందు ఈ అలవాటు ఉందా అని కూడా ఎవరూ అడగలేదు. ఎందుకంటే ప్రశ్నలు అడిగేవాడు ఆ మనిషే.

"ఎప్పటినుంచి?"

మళ్ళీగారు తల గోక్కున్నారు. "మీరు తలుపు రాసిన మర్నాటి నుంచి."

"నాతో చెప్పొచ్చు కదా?"

"చెబితే ఆ మర్నాటి నుంచి మీరు వచ్చేవారు కారు మాస్టారూ."

ఆ వాదాన్ని అన్ని వైపుల నుంచీ పరిశీలించాను. లోపం దొరకలేదు.

"మరి నోటి మాట, మనసు మాట అన్న సిద్ధాంతం?"

"మీరు హఠాత్తుగా కారణం అడిగారు. నోటికొచ్చిన అబద్ధం చెప్పాను." ఆయన సిగ్గుపడ్డారు. "చెప్పాక చూస్తే, బాగుంది."

ఫోన్ మోగింది. ఆయన స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టారు. ఆవిడ దూది గొంతు ఏదో అంటోంది. ఆయన అలవాటుగా నోరు తెరిచారు. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్ నా వైపు జరుపుకున్నాను.

"అమ్మా, నేను ఈ గేమ్‌లో భాష సరిచూసే ముసలివాణ్ణి. నాకు చెవుడు. ఈయనకి కాదు, నాకు. నిన్న మిమ్మల్ని అంతగా విసిగించింది నా కోసం. కోపముంటే నా మీద ఉంచుకుని, ఆయన సంగతి కాస్త గట్టిగా చెప్పండి."

కాసేపు ఏమీ లేదు. ఈసారి నిజంగానే ఏమీ లేదని అబ్బాయి సైగ చేశాడు.

"అయ్యో, పెద్దవారు, అంత మాట ఎందుకండీ!" ఆవిడ గొంతు పెంచింది. "నిన్న నేను వచ్చింది కుదరదని చెప్పడానికి. మర్యాదగా చెప్పి రమ్మన్నారు. ఆయన అడిగీ అడిగీ నా చేత వేరే మాట అనిపించారు. అన్నాక ఇక దాన్ని మింగలేకపోయాను. పొద్దున మావాళ్ళ దగ్గర కూడా అదే అన్నాను. ముందు ఆడి చూసి మాట్లాడమన్నాను. కూర్చుని ఆడారు. తీసుకుంటున్నాం. బటన్ ఉంటుంది. గదులు మాత్రం ఒక నాలుగు తగ్గించాలి."

అమ్మాయి కుర్చీ దిగింది. అబ్బాయి రెండు పట్టీల చేతులతో ముఖం కప్పుకున్నాడు.  మళ్ళీగారు చాలాసేపు గోడ మీది కాగితాలు చూసి, "ఏ నాలుగు?" అన్నారు నీరసంగా. ఆయన బాధ మళ్ళీ మొదలైంది.

నేనిప్పుడు చెవికి యంత్రం పెట్టుకున్నాను. యువత ఉచ్చారణ గణనీయంగా మెరుగుపడింది. మా ఇంటావిడ నన్ను ఇంకా నమ్మదు, అలవాటుకొద్దీ అరుస్తూనే ఉంది. మళ్ళీగారు మాత్రం ఆ అలవాటు మానేశారు. కండక్టరుకు ఇది మింగుడు పడటం లేదు. "సార్‌కి ఒంట్లో బాగాలేదా?" అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

సాక్ష్యాలన్నీ చూసిన మీదట నా నిర్ణయం ఇది. ఆయన ఒక వృద్ధుడి లోపాన్ని ఆ వృద్ధుడికే తెలియకుండా మూడేళ్ళు మోశారు. అందుకోసం లోకం చేత చెవిటివాడనీ, మందబుద్ధి అనీ, దొంగ అనీ అనిపించుకున్నారు. ఆ తీరికలోనే ఇరవై రెండు గదుల గేమ్ ఒకటి చేశారు. గేమ్ బాగుంది. పద్నాలుగో గదిలో ఒక దీర్ఘం తప్పిపోయింది. అది నా పొరపాటు.